సంతకం ఎవరిది?

(దళిత మహిళా వార్డు సభ్యులు, సర్పంచులు, గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కూలికి పోవాల్సినవాళ్ళు ఒక పూట కూలి వదులుకొని వచ్చి కూర్చున్నారు. ఆ కూలికి తగిన మాట నేను చెప్పకపోతే మధ్యలోనే లేచి "ఇంక చాలు, కూర్చో" అనే హక్కు మీకుంది.

ముందు ఒక కుర్చీ సంగతి చెప్తాను. మా మండలంలో ఒక ఊరు. పేరు చెప్పను, ఎందుకంటే ఆమె ఇంకా ఆ ఊళ్ళోనే బతకాలి. సర్పంచ్ సీటు ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. పెద్దమనుషులు నాలుగు రోజులు ఆలోచన చేశారు. వాడలో చదువుకున్న పిల్ల ఉంది, సంఘంలో తిరిగే అక్క ఉంది. వాళ్ళెవరూ పనికిరాలేదు. తమ దగ్గర జీతమున్న మనిషి భార్యను తెచ్చి నామినేషన్ వేయించారు. గెలిచింది. వాళ్ళే గెలిపించారు.

ఆరు నెలలకు నేను పనిమీద ఆ పంచాయతీ ఆఫీసుకు పోయాను. కుర్చీలో ఉపసర్పంచి కూర్చొని ఉన్నాడు. సర్పంచమ్మ ఏదీ అంటే "నాటుకు పోయింది" అన్నారు. ఎవరి పొలంలో నాటు? ఆ ఉపసర్పంచి పొలంలోనే! చెక్కు మీద సంతకం కావాలంటే అటెండరు చెక్కుబుక్కు పట్టుకొని పొలం ఒడ్డుకు పోతాడు. ఆమె బురద చేతులు కొంగుకు తుడుచుకొని సంతకం పెట్టి, మళ్ళీ మడిలోకి దిగుతుంది. ఎంత డబ్బు, ఎవరికి, దేనికి, ఆమెకు తెలియదు. రేపు ఆడిట్‌లో లెక్క తేలకపోతే నోటీసు మాత్రం ఆమె పేరు మీదే వస్తుంది.

ఇది చూసి చదువుకున్నోళ్ళు కొందరు అంటారు: "ఆడవాళ్ళకు, అందులో ఎస్సీలకు పదవులిస్తే ఇట్లనే ఉంటది." నేను వాళ్ళను ఒకటే అడుగుతున్నా. తప్పు సంతకం పెట్టిన చేతిదా, చెక్కుబుక్కును పొలం ఒడ్డుకు పంపించిన చేతిదా?

ఈ సంతకం దాకా మనం ఎట్లా వచ్చామో కాస్త వెనక్కి పోయి చూద్దాం. తెల్లదొరల కాలంలో ఓటు అంటే ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి. 1935 చట్టంలో ఆడవాళ్ళకు కొంత ఓటు ఇచ్చారు. ఎవరికి? ఆస్తి ఉన్నామెకు, చదువుకున్నామెకు, లేకపోతే ఆస్తిపరుడి భార్యకు. మన అమ్మమ్మలకు భూమి లేదు, బడి లేదు, మొగుడికీ భూమి లేదు. మూడు దారులూ మూసేసి, ఆడవాళ్ళకు ఓటు ఇచ్చామన్నారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ మాత్రం 1928లోనే సైమన్ కమిషన్ ముందు, వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు ఉండాలన్నాడు. ఆడా మగా, ఆస్తి ఉన్నా లేకపోయినా. 1942 జులైలో నాగపూర్‌లో దళిత మహిళల మహాసభ జరిగితే దానికి అధ్యక్షత వహించింది సులోచనాబాయి డోంగ్రే అనే మన ఆడబిడ్డ. రాజ్యాంగ సభలో కూర్చున్న ఒకే ఒక్క దళిత మహిళ దాక్షాయణి వేలాయుధన్, కొచ్చిన్ నుంచి వచ్చింది. ఈ పేర్లు మన పిల్లల పుస్తకాల్లో ఎక్కడున్నాయో వెతకండి.

సరే, రాజ్యాంగం వచ్చింది, అందరికీ ఓటు వచ్చింది. 1951-52లో మొదటి ఎన్నికలు. ఓటర్ల జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ పోయి "అమ్మా నీ పేరేంది" అని అడిగితే లక్షలమంది ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. ఫలానా వాని భార్య రాసుకో, ఫలానా వాని తల్లి రాసుకో అన్నారు. బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ వైపు ఇది ఎక్కువ. అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్, సొంత పేరు లేనిదే ఓటు లేదన్నాడు. దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళు జాబితాలో లేకుండా పోయారు. కఠినంగానే ఉంది. కానీ నాకు ఆయన చేసింది తప్పని అనిపించదు. వాని భార్యగా రాసిన ఓటు వానిదే అవుతుంది. తర్వాతి ఎన్నికల నాటికి చాలామంది పేరు చెప్పి ఎక్కించుకున్నారు.

ఇది ఎప్పటిదో అనుకోకండి. మొన్న మా వాడలో ఒక అవ్వను నీ పేరేందవ్వా అంటే, "నా పేరుతో ఏం పని బిడ్డా, పెద్దోని తల్లి అంటే అందరికీ ఎరుకే" అన్నది. అందరికీ ఎరుకే, జాబితాకే ఎరుక లేదు.

ఇంక ఓటుతో ఏమవుతుందని అడిగేవాళ్ళున్నారు. ఎవరు గెలిచినా మన బతుకింతే అంటారు. వాళ్ళకు సారా ఉద్యమం గుర్తు చేస్తాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది జిల్లా అంతా అంటుకుంది, తర్వాత రాష్ట్రమంతా. సారా పాటలు జరిగే చోటికి పోయి పాటలు ఆపారు. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఆమెతోపాటు చీపుర్లు, కారప్పొడి పట్టుకొని నడిచిన వేలమంది పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు. వాళ్ళలో ఎక్కువమంది కూలి చేసుకునే దళిత, బీసీ ఆడవాళ్ళే. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం మాట ఇచ్చి ఎన్.టి. రామారావు గెలిచాడు, 1995 జనవరిలో అమలు చేశాడు. అంటే ఆడవాళ్ళు రోడ్డుమీద మొదలుపెట్టిన పనిని ఓటు పెట్టెలో ముగించారు.

ముగించామనుకున్నారు, అక్కడే దెబ్బ తిన్నారు. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానాకు డబ్బు లేదన్నారు. ఎత్తేసేటప్పుడు దూబగుంటను అడిగారా? మన వాడను అడిగారా? ఓటు వేసిన ఆడవాళ్ళు కోట్లమంది, నిర్ణయం చేసే సభలో ఆడవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత. ఓటు వేసి ఇంటికి పోతే, ఇచ్చినోడే తీసుకుంటాడు. అందుకే నేను ఓటు దగ్గర ఆగను, కుర్చీ దాకా పోతాను.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు జనాభా ప్రకారం, ఆ ఎస్సీ ఎస్టీ సీట్లలో కూడా మూడో వంతు ఆడవాళ్ళకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో దాన్ని సగం చేశారు, 2013 ఎన్నికల నుంచి నడుస్తున్నది. అయితే అదే 1994 పంచాయతీ చట్టంలో ఒక మెలిక కూడా పెట్టారు. 1995 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులు. కాన్పులు ఎన్నో నిర్ణయించేది అత్తగారు, మొగుడు. అనర్హత పడేది ఆమెకు. కొడుకు కావాలని మూడో కాన్పుకు నెట్టినవాడు ఊళ్ళో పెద్దమనిషిగానే ఉంటాడు. సుమారు ముప్పై ఏళ్ళు ఎంతమంది మన ఆడవాళ్ళు ఆ షరతుతో గడపలోనే ఆగిపోయారో! ఆంధ్రప్రదేశ్ 2024లో దాన్ని ఎత్తేసింది. తెలంగాణ మంత్రివర్గం కూడా 2025లో తీసేయాలని తీర్మానించింది. కాబట్టి "నాకు ముగ్గురు పిల్లలు, నాకెందుకు" అని వెనక్కి కూర్చునే అక్కలు ఇప్పుడు చట్టం ఎట్లా ఉందో మండలాఫీసులో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నా. కార్యకర్తలు చెవిపెట్టి వినండి, ఎందుకంటే మనం ఎక్కువసార్లు మోసపోయేది ఇక్కడే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ను సర్పంచికి, ఉపసర్పంచికి కలిపి ఇచ్చింది. ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు కదులుతుంది. సర్పంచ్ సీటుకు రిజర్వేషన్ ఉంది. ఉపసర్పంచికి లేదు. ఉపసర్పంచిని ఎన్నుకునేది వార్డు మెంబర్లు. మనం ఏం చేస్తున్నాం? సర్పంచ్ సీటు మనకొచ్చిందని డప్పులు కొట్టుకొని, వార్డులను వాళ్ళకు వదిలేస్తున్నాం. సాయంత్రం ఓట్ల లెక్క అయ్యాక వాళ్ళ మెంబర్లు కూర్చొని తమవాణ్ణి ఉపసర్పంచిని చేసుకుంటారు. ముందు తలుపులోంచి పోయిన పెత్తనం వెనుక తలుపులోంచి వస్తుంది. నేను చెప్పిన ఊళ్ళో జరిగిందీ అదే. అందుకే రేపు మీ ఊళ్ళో సర్పంచ్ సీటు ఎవరికి రిజర్వు అయినా సరే, వార్డు వార్డుకూ మన మనిషి, బీసీ వాడల్లో మనతో కలిసొచ్చే ఆడమనిషి ఎవరో ఇప్పుడే చూసి పెట్టుకోండి. నామినేషన్ల రోజు వెతికితే దొరకరు.

రెండోది గ్రామసభ. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, సభ్యురాలే. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి సభ పెట్టాలి. చాలా ఊళ్ళలో రిజిస్టర్‌లోనే పెడతారు, వేలిముద్రలు ఇంటింటికీ తిరిగి తెచ్చుకుంటారు. ఆ రిజిస్టర్ ఇంటికొస్తే ముద్ర వేయకండి. ఆ ఒక్క పని చేసినా సభ నిజంగా పెట్టక తప్పదు.

మంచినీళ్ళు పంచాయతీ పని. చిన్న సంగతి అనుకుంటున్నారా? 1985 జులైలో కారంచేడు చెరువులో తాగే నీళ్ళు ఖరాబు చేస్తుంటే అడ్డుపడి, కొట్టబోతే నీళ్ళ బిందె ఎత్తి నిలబడింది మున్నంగి సువార్త. మరునాడు, 17వ తేదీన, మాదిగవాడ మీద పడి ఆరుగురిని చంపారు. ఆనాడు ఆమె చేతిలో బిందె ఒక్కటే ఉంది. ఇయ్యాల మన చేతిలో తీర్మానం రాసే రిజిస్టర్ ఉంది.

కుర్చీలో కూర్చోనివ్వకపోతే ఏం చేయాలని నిన్న ఒక సర్పంచమ్మ అడిగింది. తల్లీ, అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ ఎస్టీలను ఓటు వేయకుండా, నామినేషన్ వేయకుండా బెదిరిస్తే నేరం. గెలిచిన మెంబరును, సర్పంచిని విధులు చేయనీయకుండా అడ్డుకుంటే నేరం. ఓటు వేసినందుకు తర్వాత కొట్టినా, సాంఘిక బహిష్కరణ పెట్టినా నేరమే. కేసు పెట్టడం సులువు అని నేను అబద్ధం చెప్పను. పోలీస్ స్టేషన్‌లో రాజీ పడమంటారు. ఒక్కతే పోవద్దు. పదిమంది పోండి, రాసిన కాగితం మీద రసీదు తీసుకోండి.

మగవాళ్ళు నవ్వుతున్నారు, మీ సంగతి కూడా ఉంది. దొర కుర్చీలో కూర్చుంటే మనకు రక్తం ఉడుకుతుంది. మరి సర్పంచమ్మ మొగుడు కూర్చుంటే? "సర్పంచ్ సాబ్" అని నమస్తే పెడుతున్నాం. మీటింగులో ఆమెను వెనుక చాప మీద కూర్చోబెట్టి మైకు ఆయనకు ఇస్తున్నాం. ఈ తప్పు మన సంఘాలే చేశాయి, నేనూ చేశాను. ఆమెకు మాట్లాడరాదంటారు. మాట్లాడనిస్తే కదా మాటొచ్చేది! సంఘం నాయకులకు ఒక్క మనవి. పోస్టర్ మీద ఆమె పేరు ముందు ఆయన పేరు అచ్చేయకండి.

నాటు వేసే సర్పంచమ్మ ఏమైందని మీరు అడుగుతారు. ఒక వానాకాలంలో ఆమె "చెక్కు ఆఫీసుకే తెండి, మా మరదలు చదివినంక పెడ్త" అన్నది. అంతే. ఆ వారం ఆమె మొగుణ్ణి జీతంలోంచి తీసేశారు. అప్పు కట్టమన్నారు. వాడ ఆడవాళ్ళను నాటుకు పిలవలేదు. మనవాళ్ళలోనే కొందరు ఆమెను తిట్టారు, "నీ సంతకానికి మా కూలి పోయింది" అని. పక్క ఊళ్ళో పని చూపించి సంఘం ఆ సీజన్ ఈదింది. వాడకు నీళ్ళ పైపు సగం దాకా వచ్చింది, మిగతా సగం ఉపసర్పంచి సంతకం దగ్గర ఆగింది. తర్వాతి ఎన్నికలకు రిజర్వేషన్ మారింది, ఆమెకు సీటు పోయింది. గెలిచిందా ఓడిందా అంటే నేను చెప్పలేను. కానీ ఆ వాడలో ఇప్పుడు రిజిస్టర్ ఇంటికి తెస్తే ఎవరూ ముద్ర వేయడం లేదు.

ఇంక అన్నం వేళయింది. ఒక్క పని చేసి లేద్దాం. ఆ మూల బల్ల మీద మన ఊళ్ళ ఓటర్ల జాబితాలు ఉన్నాయి. పంచాయతీ జాబితా కూడా అసెంబ్లీ జాబితాలోంచే తీస్తారు, కనుక అందులో లేకపోతే ఎందులోనూ లేనట్టే. ఒక్కొక్కరూ మీ పేరు, మీ కోడలి పేరు, ఇటుక బట్టీలకు పోయినవాళ్ళ పేర్లు వెతకండి. వలసపోయినవాళ్ళను ఊళ్ళో లేరని తీసేస్తున్నారు. ఎవరి పేరైనా పోతే ఇక్కడే రాయించండి. కొత్తగా ఎక్కాలంటే ఫారం 6. పెళ్ళయి వచ్చిన కోడళ్ళ ఓటు పుట్టింట్లో ఉంటే మార్చుకోవడానికి, తప్పులు దిద్దుకోవడానికి ఫారం 8. పద్దెనిమిది నిండిన పిల్లలు ఇప్పుడు జనవరి దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా లెక్కే. రాయరానివాళ్ళకు మన పిల్లలు రాసిపెడతారు. పేరు మాత్రం మీరే చెప్పండి, మీ సొంత పేరు.

జై భీమ్.