టార్చిలైటుకు లిథియం సెల్లు: కొనేముందు తెలుసుకోవలసిన సంగతులు

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట వెన్న శాతం గురించీ బోనసు గురించీ కాక, టార్చిలైటు గురించి చెప్పమన్నారు. ఇది చిన్న విషయమని కొందరు అనుకోవచ్చు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి కొట్టంలోకి పోయే మనిషికి ఇది చిన్న విషయం కాదు. గడ్డిలో కట్లపాము ఉన్నదా, రాత్రిపూట ఈనుతున్న బర్రెకు దూడ ముందుకాళ్లు వచ్చాయా వెనుకకాళ్లు వచ్చాయా చూడాలంటే నమ్మదగిన వెలుతురు చేతిలో ఉండాలి.

మన పల్లెల్లో టార్చిలైటునే బ్యాటరీ అంటాం. దుకాణంలో "ఛార్జింగు బ్యాటరీ" అని అడిగితే రెండు రకాలలో ఏదో ఒకటి ఇస్తారు. ఒకదానిలో సీసపు బ్యాటరీ ఉంటుంది, మరొకదానిలో లిథియం అయాన్ సెల్లు. సీసపుదాన్ని వాడకపోయినా నిండా ఛార్జి చేసి ఉంచాలి; ఖాళీగా వదిలేస్తే చెడిపోతుంది. లిథియం సెల్లును నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జితో ఉంచడమే మేలు. కాబట్టి డబ్బా మీద ఏమి రాసి ఉన్నదో చదివించుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి.

లిథియం అయాన్ సెల్లు 1991లో జపానులో సోనీ సంస్థ ద్వారా మార్కెట్టులోకి వచ్చింది. మన మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనే అమరరాజా సంస్థ లిథియం సెల్లుల కర్మాగారానికి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. అంటే ఇది ఎక్కడి వస్తువో కాదు, మన ఊళ్లకు వచ్చేసిన వస్తువు.

పాత సెల్లు 1.5 వోల్టులు. లిథియం సెల్లు మామూలుగా 3.7, నిండా ఛార్జి అయితే 4.2 వోల్టులు. పెన్ సెల్లు సైజులో కూడా లిథియం సెల్లు దొరుకుతుంది. పాత టార్చిలో సరిగ్గా పట్టింది కదా అని వేస్తే బల్బు మాడిపోతుంది. అలాగే పాత రకం రీఛార్జి సెల్లుల ఛార్జరులో దీన్ని పెట్టరాదు. 4.2 వోల్టులు దాటి ఛార్జి ఎక్కితే లోపల వేడి పుట్టి మంట లేస్తుంది. 2.5 వోల్టుల కంటే దిగిపోయి చాలాకాలం పడి ఉన్న సెల్లును తిరిగి లేపాలని చూడడం కూడా ప్రమాదమే. ఈ రెండు హద్దులను కాపాడే చిన్న సర్క్యూటు మంచి టార్చిలో లోపలే ఉంటుంది. మొదటిసారి కొనేవారు విడి సెల్లులు, విడి ఛార్జరు జోలికి పోకుండా, సెల్లు లోపలే అమర్చి, ఫోను ఛార్జరు తీగ గుచ్చే టార్చి కొనడం మంచిదని నా అభిప్రాయం.

ఇక కల్తీ సంగతి. పాలలో నీళ్లు కలిపేవాడు లాక్టోమీటరుకు భయపడతాడు. సెల్లు అమ్మేవాడికి ఆ భయం లేదు. 18650 అనే సెల్లు ఉన్నది: 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఈ సైజులో మంచి కంపెనీలు చేసేది 3500 ఎం.ఏ.హెచ్. దరిదాపులలోనే. దాని మీద 9900 అని అచ్చు వేసి అమ్ముతున్నారు! అది చూడగానే పక్కన పెట్టండి. అసలు సెల్లు సుమారు 45 గ్రాములు తూగుతుంది. పది కలిపి కిరాణా కాటా మీద వేస్తే తేలికవి పట్టుబడతాయి. అయితే లోపల పొడి నింపి బరువు పెంచేవారూ ఉన్నారు, పాత ల్యాప్‌టాప్‌ల సెల్లులకు కొత్త తొడుగు వేసేవారూ ఉన్నారు. అందుకని గడియారం పెట్టి చూడండి. 2000 అని రాసిన సెల్లు 2 వాట్ల లైటును 3 గంటలకు పైగా వెలిగించాలి. గంటలో ఆరిపోతే నీళ్లపాలే. ఐ.ఎస్. 16046 ప్రకారం బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషను నంబరు ఉన్నదే కొనాలి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో రాత్రి ఛార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. టార్చి సెల్లు అంత పెద్దది కాదు, కానీ గడ్డివాముకు నిప్పు అంటుకోవడానికి అది చాలు. పడుకునే ముందు ఛార్జింగు పెట్టి మరచిపోవద్దు. సంఘం గదిలో పాలు పోయించుకునే వేళ, మనిషి ఎదుట, బండ మీద పెట్టండి. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం అసలే వద్దు. 45 డిగ్రీల వేడి దాటితే ఛార్జి చేయరాదు. ఉబ్బిన సెల్లును, వాసన వచ్చే సెల్లును వాడకండి, గుచ్చకండి. టార్చి ఛార్జింగులో ఉండగా వేడెక్కితే ముందు కరెంటు ఆపండి. పొగ వస్తే చేతితో పట్టుకోక దూరం జరిగి, తరువాత నీళ్లు బాగా కుమ్మరించండి.

పాతవాటిని పెంటకుప్పలో వేయవద్దు. సీసపు బ్యాటరీ పలకలను నాకి చనిపోయిన పశువుల గురించి పశువైద్యులను అడగండి, చెబుతారు. ఆ సీసం పాలలోకి కూడా దిగుతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవి తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. అందుకే పాతవి తీసుకునే దుకాణంలోనే కొనండి.

చివరగా లెక్కలు. గత సంవత్సరం మీ సంఘం సెల్లులకు రాసిన వోచర్లు తీసి కూడండి. అప్పుడు పాలకవర్గ తీర్మానంతో ముందు ఒకే ఒక్క టార్చి కొని, నాలుగు నెలలు వాడి, నచ్చితే సభ్యులకు పాల బిల్లులో వాయిదాల మీద ఇప్పించండి. రసీదు, గ్యారంటీ కార్డు ఫైలులో ఉంచి, కొన్న తేదీని స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. తనిఖీకి వచ్చినప్పుడు నేను అడిగేది అదే.