అద్దం వెలిగింది, టైం మాత్రం తప్పు: ఇంట్లో చేసుకున్న స్మార్ట్ మిర్రర్ స్టార్టప్ కష్టాలు

ఈ రోజు ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. రాత్రి 10:15. నేను రాజమండ్రిలో ఉన్నాను, ఫోన్ బ్రిడ్జికి అవతల కొవ్వూరు నుంచి, మా అమ్మమ్మ.

"ఒరేయ్ అబ్బాయ్, నీ అద్దం బీపీ మాత్ర వేసుకోమంటోంది. నేను ఎనిమిదింటికే వేసుకున్నట్టు గుర్తు. మళ్ళీ వేసుకోమంటావా?"

గుండె ఒక్కసారి ఆగిందండీ. "వద్దు అమ్మమ్మా, ముందు షీటులో మాత్రలు లెక్కపెట్టు" అన్నాను. లెక్కపెట్టింది. వేసేసుకుంది. అడగకుండా అద్దాన్ని నమ్మి ఉంటే రెండో మాత్ర కూడా పడేది.

ఆ అద్దం నేను చేసిందే. పాత మానిటర్, ముందు అద్దంలా మెరిసే యాక్రిలిక్ షీటు, వెనక రాస్ప్‌బెర్రీ పై 4. అందులో మ్యాజిక్ మిర్రర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. నెదర్లాండ్స్‌కి చెందిన మైఖేల్ టేవ్ 2014లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. టైం, వాతావరణం, మాత్రల గుర్తు, అన్నీ అద్దంలోనే కనిపిస్తాయి.

సరే, ఇలాంటి అద్దం స్టార్ట్ కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి? నేను బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినోణ్ణి కాబట్టి మొదట కోడ్ తెరిచాను. అదే తప్పు. అద్దం చేసిన కొత్తలో రెండు రాత్రులు కోడ్ చూస్తూ కూర్చున్నాను. చివరికి చూస్తే దోషం ఛార్జర్‌ది! అందుకే నా రూల్ ఒకటే: గోడ ప్లగ్ దగ్గర మొదలుపెట్టండి, కోడ్ దగ్గరికి చివర్లో రండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి.

ఒకటి, కరెంటు. ఇంట్లో పడున్న ఫోన్ ఛార్జర్, సన్న కేబుల్ పెడితే పై ఆన్ అవుతుంది, మానిటర్‌లో బొమ్మ వస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. స్క్రీన్ మూల మెరుపు గుర్తు కనిపించిందా? వోల్టేజీ చాలట్లేదు. సుమారు 4.63 వోల్టుల కిందికి పడితే ఆ హెచ్చరిక వస్తుంది. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. టెర్మినల్‌లో వీసీజెన్‌సీఎమ్‌డీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్ అని కొట్టండి. 0ఎక్స్0 వస్తే బాగున్నట్టు. 0ఎక్స్50005 లాంటిది వస్తే ముందు అడాప్టర్, కేబుల్ మార్చండి.

రెండు, స్క్రీన్. నల్లగా ఉందంటే పై చచ్చిపోయిందని కాదు. ఫోన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ యాప్‌తో లాగిన్ అయి చూడండి. లోపలికి వెళ్తే పై బతికే ఉంది. అప్పుడు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్, మానిటర్ స్విచ్ చూసుకోవాలి. పై 4లో ఆ పోర్టులు రెండు ఉంటాయి, పవర్ పక్కనున్నదానికి పెట్టండి.

మూడు, ఆటోస్టార్ట్. డెస్క్‌టాప్ వచ్చి అద్దం రాకపోతే చేత్తో స్టార్ట్ చేసి చూడండి. చేత్తో వస్తోంది, రీబూట్ చేస్తే రావట్లేదు అంటే పీఎమ్2 సెట్టింగ్ సగంలో ఆగినట్టు. పీఎమ్2 స్టార్టప్ అని కొడితే అది ఇంకో పెద్ద లైను చూపిస్తుంది. దాన్ని కాపీ చేసి మళ్ళీ రన్ చేయాలి, తర్వాత పీఎమ్2 సేవ్ కొట్టాలి. చాలామంది ఆ లైన్ని చూసి ఊరుకుంటారు. ఆయ్, నేను కూడానండీ.

నాలుగు, కాన్ఫిగ్ ఫైల్. ఒక్క కామా పోయినా అద్దంలో మీ సమాచారం ఏదీ రాదు. ఎన్‌పీఎమ్ రన్ కాన్ఫిగ్ కోలన్ చెక్ అని కొడితే ఏ లైన్లో తప్పుందో అదే చెబుతుంది.

ఐదోది, అమ్మమ్మని భయపెట్టింది. ఇక్కడ అన్నీ స్టార్ట్ అవుతాయి, కానీ తప్పుగా.

పై 4లో గడియారం బ్యాటరీ లేదు. కరెంటు పోతే టైం మర్చిపోతుంది. గంటకోసారి కార్డులో రాసుకున్న టైంతో మళ్ళీ లేచి, నెట్ వచ్చాక సరిచేసుకుంటుంది. ఆ రాత్రి 8:15కి కరెంటు పోయింది. అద్దం చివరిసారి టైం రాసుకున్నది 7:17కి. కరెంటు తొమ్మిదిన్నరకి వచ్చింది, ఫైబర్ నెట్ మాత్రం రాలేదు. పాపం అద్దం 7:17 నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టింది. దాని లెక్కలో ఎనిమిది అయ్యేసరికి బయట 10:13. మాత్ర గుర్తు మళ్ళీ వెలిగింది. కోడ్‌లో ఒక్క తప్పు లేదు!

ఆదివారం బ్రిడ్జి దాటి వెళ్ళి మూడు పనులు చేశాను. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్, నాణెం బ్యాటరీతో సహా, నాలుగు వైర్లతో పెట్టాను. దానికి 3.3 వోల్టుల పిన్నే వాడండి. ఐ2సీ ఆన్ చేసి, ఉత్తుత్తి గడియారం ప్రోగ్రామ్ తీసేసి, నెట్ ఉన్నప్పుడు సరైన టైం ఒకసారి అందులోకి రాయాలి. పై 5లో గడియారం బోర్డు మీదే ఉంటుంది, బ్యాటరీ మనమే పెట్టాలి. రెండోది, రూటర్‌కి మినీ యూపీఎస్. మూడోది, టైం నమ్మకంగా తెలిసేదాకా మాత్ర గుర్తు చూపించకుండా, "టైం సరిచూస్తున్నాను" అని మాత్రమే చూపించేలా మార్చాను.

తర్వాత ప్లగ్ పీకి, రూటర్ ఆపేసి, గంట ఆగి మళ్ళీ పెట్టాను. టైం సరిగ్గా వచ్చింది. మీరూ ఈ పరీక్ష చేయకుండా అద్దాన్ని పెద్దవాళ్ళ చేతికి ఇవ్వకండి. వెలగని అద్దాన్ని ఎవరూ నమ్మరు. తప్పు చెబుతూ వెలిగే అద్దాన్నే నమ్మేస్తారు.

అన్నీ చూసి అమ్మమ్మ ఏమందో తెలుసా? "అద్దం అబద్ధం చెప్పదంటారు కదరా. నువ్వు చేసిందే చెప్పింది." అని, వారానికి ఏడు గదులున్న మాత్రల డబ్బా తెప్పించుకుంది. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. దానికి కరెంటూ అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు. ఇప్పుడు ఆ డబ్బా సరిగ్గా నా అద్దం కిందే ఉందండీ.

మళ్ళీ కలుద్దాం, ఉంటానండీ.