రాత్రి అనే వస్త్రం

 



ఈ ప్రసంగం మొదట తెనాలిలో చేశాను. తరువాత బాపట్లలోను, రేపల్లెలోను ఇదే విషయం చెప్పమని మిత్రులు కోరారు. మూడు ఊళ్ళలోనూ నమాజు తరువాత ఆగి ప్రశ్నలు వేసినవారు ఉన్నారు. వారికి చెప్పిన జవాబులను కూడా ఇందులో కలిపాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. గడచిన చలికాలంలో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వెళ్ళి, మదర్సాలో నాతో చదువుకున్న మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫిఖ్హ్ చర్చ చదువుతూ కూర్చున్నాను. చర్చ మంచిదే. గడియారం చూసేసరికి ఒంటిగంట దాటింది. దీపం ఆర్పి పడుకున్నా కళ్ళు మూతపడలేదు. తెల్లవారుజామున ముఅజ్జిన్ వచ్చి తలుపు తట్టి, "హజ్రత్, జమాఅతు వేళయింది, అందరూ మీ కోసమే చూస్తున్నారు" అన్నాడు. ఏళ్ళ తరబడి ఈ మింబరు మీద నిలబడి ఫజ్ర్ నమాజుకు రమ్మని మీకు చెబుతున్నవాడిని, నన్ను ఒకరు లేపవలసి వచ్చింది. ఆ సిగ్గుతోనే నిద్ర గురించి చదవడం మొదలుపెట్టాను. మా బంధువుల్లో ఒక వైద్యుడు ఉన్నాడు, అర్థం కానివి అతడిని అడిగి తెలుసుకున్నాను.

దివ్య ఖుర్‌ఆన్‌లోని నబా సూరా (78) 9 నుంచి 11 వరకు గల ఆయతులు మనలో చాలామందికి కంఠస్థమే. నిద్రను విశ్రాంతిగాను, రాత్రిని కప్పే వస్త్రంగాను, పగటిని జీవనోపాధి వేళగాను చేసినట్లు అల్లాహ్ అక్కడ తెలియజేస్తున్నాడు. ఖసస్ సూరా (28) 71, 72 ఆయతుల్లో రెండు ప్రశ్నలున్నాయి. ప్రళయదినం వరకు మీపై రాత్రినే నిలిపివేస్తే వెలుగు తెచ్చేవారెవరు? పగటినే నిలిపివేస్తే మీరు విశ్రమించే రాత్రిని తెచ్చేవారెవరు? మన తాత ముత్తాతలు ఆ రెండవ ప్రశ్నను విన్నప్పుడు అదొక ఊహగానే తోచి ఉంటుంది. సాయంత్రం కిరసనాయిలు లాంతరు వెలిగించి, భోజనాలు కాగానే వత్తి తగ్గించే ఇళ్ళవి. మన ఇళ్ళలో సూర్యుడు అస్తమించాక తెల్లటి ట్యూబులైట్లు వెలుగుతాయి. అవి ఆరాక అరచేతిలో మరొక దీపం వెలుగుతుంది. అస్తమయం లేని పగటిని మనమే కొని తెచ్చుకున్నాము.

దీనివల్ల దేహంలో ఏమి జరుగుతున్నదో వినండి. మెదడు నడిమధ్యన పీనియల్ అనే చిన్న గ్రంథి ఉన్నది. మన డెల్టా పొలాల వడ్లగింజ అంత ఉంటుంది. చీకటి పడ్డాక అది మెలటోనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. మనకు అలవాటైన నిద్రవేళకు సుమారు రెండు గంటల ముందు ఇది మొదలై, రాత్రి రెండు నుంచి నాలుగు గంటల మధ్య అత్యధికమై, తెల్లవారేసరికి తగ్గిపోతుంది. దాని పరిమాణాన్ని గ్రాములో లక్షకోట్లవ వంతుల్లో లెక్కిస్తారు. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు ఎద్దుల మెదడు నుంచి తీసిన గ్రంథులతో దీనిని వేరుచేశాడు. ఆయన వెతికింది చర్మపు రంగును మార్చే పదార్థం కోసం. అందుకే గ్రీకు భాషలో నలుపు అని అర్థం వచ్చే మాటతో దానికి పేరు పెట్టాడు. చర్మపు నలుపును తలచుకొని పెట్టిన పేరు, రాత్రి నలుపుకు దూత అయిన హార్మోనుకు దక్కింది!

దూత అని ఊరికే అనలేదు. చాలామంది మెలటోనిన్ అంటే నిద్రమాత్ర వంటిదనుకుంటారు. ఎలుక రాత్రివేళ తిరిగే ప్రాణి. దాని రక్తంలో కూడా మెలటోనిన్ రాత్రిపూటే పెరుగుతుంది, అప్పుడది మెలకువగా ఉండి గింజలు ఏరుకుంటుంది. కాబట్టి ఈ హార్మోను చేసే పని మనిషిని బలవంతంగా పడుకోబెట్టడం కాదు. 'రాత్రి అయింది' అనే వార్తను దేహంలోని అవయవాలన్నిటికీ చేరవేయడం దాని పని. ఆ వార్త అందాక మనిషి దేహం చల్లబడుతుంది, రక్తపోటు దిగుతుంది, నిద్రకు దారి ఏర్పడుతుంది. వార్త అందకపోతే మంచం మీద పడుకున్నా దేహానికి అది ఇంకా సాయంత్రమే.

ఆ వార్తను ఆపేది వెలుగు. కంటి వెనుక పొరలో చూపుతో నిమిత్తం లేకుండా వెలుగును మాత్రమే పసిగట్టే ప్రత్యేక కణాలున్నాయని ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే రూఢి అయింది. అవి నీలిరంగు కలిసిన వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. పగటి ఆకాశంలో ఉన్నది ఆ వెలుగే. తెల్లటి ఎల్ఈడీ దీపాల్లోను, ఫోను తెరలోను ఉన్నదీ అదే. రాత్రి పదకొండింటికి ఆ వెలుగు కంట్లో పడితే, కణాలు మెదడులోని గడియారానికి 'ఇంకా పగలే' అని చెబుతాయి. పీనియల్ తన చేయి వెనక్కి తీసుకుంటుంది.

ఇక్కడ హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజియల్లాహు అన్హు) గుర్తుకు వస్తారు. ఆయన అంధులు, దైవప్రవక్త (స) మస్జిదులో ముఅజ్జిన్. "తెల్లవారింది" అని ప్రజలు చెప్పేవరకు ఆయన ఫజ్ర్ అజాన్ ఇచ్చేవారు కాదని హదీసు గ్రంథాల్లో ఉన్నది. వెలుగును బొత్తిగా గ్రహించలేని అంధుల్లో చాలామందికి దేహపు గడియారం ఇరవై నాలుగు గంటలకు కట్టుబడక, రోజుకు కొంత చొప్పున వెనుకకు జరుగుతూ పోతుందని వైద్యులు చెబుతారు. వారికి నిద్ర పట్టకపోవడం సోమరితనం కాదు, మనోబలహీనత కాదు. మన మదర్సాలలో చూపులేని హాఫిజులు ఉన్నారు. పగలు వారు కునుకుతుంటే పిల్లలు నవ్వడం నేను చూశాను. ఇకమీదట నవ్వకండి.

మరొక విషయం తల్లులు వినాలి. పుట్టిన బిడ్డకు రాత్రి పగలు తెలియవు. సొంత మెలటోనిన్ క్రమబద్ధంగా మొదలయ్యేది దాదాపు మూడవ నెలలో. అంతవరకు? తల్లి రాత్రిపూట ఇచ్చే పాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపుగా ఉండదు. రాత్రి అయిందని బిడ్డకు తొలిసారి తెలిపేది తల్లి పాలే. బఖరా సూరా (2) 233వ ఆయతులో పాలిచ్చే కాలాన్ని గురించి చదివిన ప్రతిసారీ ఇప్పుడు నాకు ఈ సంగతి మనసులో మెదులుతుంది. కనుక నడిరేయి బిడ్డకు పాలిచ్చేటప్పుడు పెద్ద దీపం వేయకండి. జీరో బల్బు చాలు. రెండవ చేతిలో ఫోను పట్టుకోవద్దని కూడా వేడుకుంటున్నాను.

ఇంతమాత్రం చేత ఖుర్‌ఆన్‌లో మెలటోనిన్ ఉన్నదని చెప్పడానికి నేను నిలబడలేదు. అటువంటి సందేశాలు ఫోన్లలో చాలా తిరుగుతుంటాయి. అల్లాహ్ వాక్కుకు ప్రయోగశాల ధ్రువపత్రం అక్కరలేదు. నిద్రపోయేముందు దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) ఆదేశించిన మాట నిజమే. దానికి కారణం కూడా హదీసులోనే ఉన్నది, ఎలుక వత్తిని లాగితే ఇంటికి నిప్పంటుకుంటుందని. లేని కారణాన్ని మనం అంటగట్టకూడదు. అయితే ఆ సున్నతును పాటించిన ఇంట్లో చీకటి ఉండేది, ఆ చీకటిలో ఉన్న మేలు ఇప్పుడు మనకు తెలిసింది.

ఆయన (స) ఇషాకు ముందు నిద్రించడాన్ని, ఇషా తరువాత కబుర్లను ఇష్టపడేవారు కాదని హజ్రత్ అబూ బర్జా (రజి) ఉల్లేఖించారు. విద్య కోసమో, అతిథి కోసమో, ముస్లిముల వ్యవహారాల కోసమో మాట్లాడటానికి మినహాయింపు ఉన్నదని ఉలమాలు చెప్పారు. ఆ మినహాయింపును చూపించే నేను ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నది! భోజనం వడ్డించి ఉండగా ఇషా జమాఅతు నిలబడితే ముందు భోజనం చేయమన్న హదీసు కూడా ఉన్నది. అంటే ఆనాటి రాత్రి భోజనం ఇషా వేళకే సిద్ధమయ్యేదన్నమాట. రక్తంలో మెలటోనిన్ పెరిగిన తరువాత భుజిస్తే చక్కెర సరిగా అదుపులోకి రాదని ఇటీవలి పరిశోధనలు చూపుతున్నాయి. మన ఇళ్ళలో మధుమేహం ఎంత ఉన్నదో మీకు తెలుసు. రాత్రి పదకొండింటికి దావతుల్లో బిర్యానీ వడ్డించడం మన గౌరవానికి చిహ్నమెలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొందరు యువకులు, 'తహజ్జుద్ కోసం నిద్ర మానుతున్నాము' అంటారు. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన రాత్రి నమాజు హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) గారిదని హదీసు. ఆయన రాత్రిలో సగం నిద్రించి, మూడవ వంతు నమాజు చేసి, మిగిలిన ఆరవ వంతు మళ్ళీ నిద్రించేవారు. లెక్క వేయండి, సగము, ఆరవ వంతు కలిస్తే మూడింట రెండు వంతులు. ఆరాధనకు ఆదర్శమైన రాత్రిలో కూడా నిద్రదే పెద్ద భాగం. హజ్రత్ జైనబ్ (రజి) నమాజులో అలసినప్పుడు పట్టుకోవడానికి రెండు స్తంభాల మధ్య కట్టుకున్న తాడును దైవప్రవక్త (స) విప్పించి వేశారు.

రేపల్లెలో ప్రసంగం అయ్యాక ఒక యువకుడు నా చేయి పట్టుకొని ఆపాడు. సముద్రం వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా అతడి పని. "హజ్రత్, మీరు దీపం ఆర్పి పడుకోమంటారు. నేను కన్ను మూస్తే చెరువు పోతుంది" అన్నాడు. నిజమే. రాత్రిపూట నీటిలోని నాచు, మొక్కలు ప్రాణవాయువును ఇవ్వవు, పీల్చుకుంటాయి. తెల్లవారుజామున అది అతి తక్కువకు పడిపోతుంది. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి. అతడి దేహంలో మెలటోనిన్ అత్యధికమయ్యే వేళ, చెరువు అతడిని అత్యధికంగా కోరే వేళ దాదాపు ఒకటే. అతనికి నేను నిషేధం చెప్పలేదు. హలాల్ సంపాదన కోసం మేల్కొనడం పాపం కాదు. రూమ్ సూరా (30) 23వ ఆయతులో రాత్రి నిద్రతోపాటు పగటి నిద్రను కూడా అల్లాహ్ తన సూచనల్లో చేర్చాడు. 'నీకు ఫజ్ర్ తేలిక, జుహ్ర్ కష్టం' అన్నాను. ఫజ్ర్ చేసుకొని నేరుగా ఇంటికి వెళ్ళు, దారిలో టీ కొట్టు దగ్గర ఎండలో కూర్చోవద్దు, గదికి మందమైన తెర కట్టు, రోజూ ఒకే వేళకు పడుకో, జుహ్ర్ సమయం దాటకముందే లేపమని ఇంట్లో చెప్పు అన్నాను.

రైలు ఉద్యోగులు, ఆసుపత్రి నర్సులు, హోటలు వంటవారు, ఇంటి నుంచే అమెరికా వేళలకు కంప్యూటరు పని చేసే పిల్లలు, వీరందరిదీ ఇదే కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం, దేహ గడియారాన్ని తలకిందులు చేసే షిఫ్టు పనిని 2007లో 'మానవుల్లో బహుశా క్యాన్సరు కారకం' అనే వర్గంలో చేర్చింది. 2019లో రాత్రి షిఫ్టు పనిని మళ్ళీ పరిశీలించి అదే నిర్ణయాన్ని నిలబెట్టింది. రాత్రి పని చేసే ప్రతివారికీ ఆ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు, భయపడకండి. అయితే రాత్రంతా మేల్కొని వచ్చినవాడు ఇంట్లో పడుకుంటే, "పట్టపగలు ఈ నిద్రేమిటి" అనే హక్కు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. టీవీ శబ్దం తగ్గించండి. పక్కింటివారు కూడా తగ్గించాలి.

శబ్దం మాట వచ్చింది కాబట్టి మన గురించి కూడా చెప్పుకోవాలి. షాదీల బాజాలు, రాత్రి రెండింటి దాకా సాగే మన జల్సాల మైకులు ఎవరి నిద్ర తీస్తున్నాయి? పొరుగున రోగి ఉంటాడు, పసిబిడ్డ ఉంటుంది, పరీక్షకు వెళ్ళే హిందూ సోదరుని బిడ్డ ఉంటుంది. బహిరంగ ప్రదేశాల్లో రాత్రి పదింటి తరువాత లౌడుస్పీకర్లను దేశ చట్టం 2000 సంవత్సరం నాటి నిబంధనల్లోనే నిషేధించింది. చట్టం కంటే ముందే పొరుగువారి హక్కు మనకు బోధించబడింది.

తండ్రులకు ఒక మాట. పదహారేళ్ళ కుర్రవాడి దేహంలో మెలటోనిన్ పెద్దల కంటే ఆలస్యంగా మొదలవుతుంది. వాడికి తొమ్మిదింటికి నిద్ర రాకపోవడం కొంతవరకు వయసు లక్షణం. తిట్టి ప్రయోజనం లేదు. ఫోను అర్ధరాత్రి దాకా వాడి చేతిలో ఉంటే ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఫోను తీసుకునే ముందు మీది కూడా పక్కన పెట్టండి. పొద్దున్నే ఎండ కంట్లో పడితే గడియారం ముందుకు జరుగుతుంది. ఫజ్ర్‌కు వెంటబెట్టుకొని మస్జిదుకు రండి, తిరిగి వెళ్ళేటప్పుడు కాలువ గట్టు మీదుగా నడిపించండి.

బాపట్లలో ఒక పెద్దాయన మెలటోనిన్ బిళ్ళలు వేసుకోవచ్చా అని అడిగారు. వయసు పెరిగే కొద్దీ ఈ హార్మోను తగ్గుతుంది, కొందరికి వైద్యులు ఇస్తారు కూడా. దూరదేశాల ప్రయాణం చేసి వచ్చినవారికి కొద్దిరోజులు ఉపకరిస్తుంది. కానీ మూడు మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, దేహం తానుగా తయారుచేసే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువను రక్తంలో నింపుతుంది. రక్తం పలచబడే మందు వాడేవారికి, మూర్ఛ ఉన్నవారికి, గర్భిణులకు అది నిర్భయమైనది కాదు. వైద్యుని అడగకుండా మందుల దుకాణంలో కొనవద్దు. కారణం వెలుగు అయినప్పుడు ముందు దీపం ఆర్పి చూడండి.

మస్జిదు కమిటీవారితో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాము. వచ్చే శనివారం నుంచి ఇషా జమాఅతు ముగిసిన అరగంటకు ఆవరణలోని పెద్ద లైట్లు ఆర్పివేస్తారు. వజూఖానా దగ్గర ఒక పసుపుపచ్చ బల్బు వెలుగుతుంది. మసాయిల్ అడగవలసినవారు అస్ర్ తరువాత రండి, మగ్రిబ్ దాకా కూర్చుంటాను. నా ఫోను ఇషా నుంచి ఫజ్ర్ దాకా హుజ్రాలోని అలమారలో ఉంటుంది. మరణమో, ప్రమాదమో సంభవిస్తే ముఅజ్జిన్‌కు ఫోను చేయండి, ఆయన వచ్చి నా తలుపు తడతాడు. తలుపు తట్టడం ఆయనకు అలవాటైన పనే.

ఓ అల్లాహ్! ఈ రాత్రి చెరువు గట్టున, రైలు పట్టాల వెంట, ఆసుపత్రి మంచాల పక్కన మేల్కొని ఉన్న నీ దాసులను కాపాడు. వారు ఇల్లు చేరాక వారికి హాయిగా నిద్ర ప్రసాదించు. ఆమీన్.