సంఘానికి ఏది గుట్టు? ఏది బట్టబయలు?

(సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



మన సంఘాల బీరువాలలో రెండు రకాల కాగితాలున్నాయి. ప్రభుత్వానికి వ్రాసిన వినతులు, వచ్చిన జవాబులు, కోర్టు ఉత్తర్వులు, జమాఖర్చులు ఒక రకం. తల్లిదండ్రుల సంతకాలు, చిరునామాలు, పిల్లల పేర్లు రెండవ రకం. ఈ రెండింటికీ ఒకే నియమం వర్తింపజేయడమే మన బలహీనత. కొన్నిచోట్ల సమస్తం కార్యదర్శి తాళం క్రింద ఉంటుంది. మరికొన్నిచోట్ల సమస్తం వాట్సాప్ గ్రూపులో ఉంటుంది.

జాబితా అవసరమే. పాఠశాల మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది అల్పసంఖ్యాక భాషా విద్యార్థులుంటే ప్రాథమిక దశలో వారి భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలని 1949లో విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. మాతృభాషలో ప్రాథమిక బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించడం రాష్ట్రాల విధి అని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. పేరు నమోదు కానిదే ఆ సంఖ్య రుజువు కాదు.

అయితే ఆ పేరు ఎవరి కంట పడాలి? విద్యాధికారి కంట పడాలి. ఊరందరి కంటా కాదు. కౌలురైతు పేరు చేతులు మారితే, "నీకెందుకయ్యా ఈ భాషాగొడవ" అని భూస్వామి ఒక్కమాట అంటే చాలు. పదిమందిలో ఒక్క కుటుంబం వెనుకంజ వేసినా మిగిలేది తొమ్మిదే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కు మన సభ్యులకు మన సంఘం నుండి కూడా దక్కాలి.

అట్లని గోప్యత చాటున లెక్కలు దాచరాదు. 2005 సమాచార హక్కు చట్టం క్రింద ప్రభుత్వాన్ని ప్రశ్నించే మనం, మన సభ్యుడు అడిగితే మొగం చాటువేయడం ధర్మమా? కార్యదర్శి కాలం చేస్తే కాగితాలు చిత్తుబేరగాడి పాలవుతున్నాయి; ఏ యేడు ఏ అధికారి ఏమి హామీ ఇచ్చాడో చూపడానికి ఆధారం మిగలడం లేదు.

కనుక నా సూచనలు ఇవి. వినతులు, జవాబులు, ఉత్తర్వుల నకళ్లు మూడు ఊళ్లలో ఉంచి, ఏ సభ్యుడు కోరినా చూపాలి. ఒక జిల్లాలో వచ్చిన జవాబు మరో జిల్లావారికి ఆయుధం. జమాఖర్చులు ఏటా సభలో చదివి వినిపించాలి. పిల్లల జాబితాలో పేరు, తరగతి, మాతృభాష, తల్లిదండ్రుల సంతకం తప్ప ఆధార్ సంఖ్య గాని, కులం గాని వ్రాయవద్దు. అది ఇద్దరు బాధ్యుల ఉమ్మడి అధీనంలో ఉండాలి. దాని ఫొటో తీసి ఫోన్లలో పంపరాదు. అధికారికి ఇచ్చి రసీదు పుచ్చుకోవాలి. ఆ వ్యక్తిగత వివరాలను ఇతరులకు ఇవ్వవద్దని కోరడానికి సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) ఆధారమున్నది. ఆ మాట వినతిలోనే వ్రాయండి. లోకానికి మాత్రం పాఠశాల పేరు, తరగతి, సంఖ్య ప్రకటించండి.

సంతకం అడిగే ముందు, దానిని ఎవరు చూస్తారో ఆ తల్లికి చెప్పండి. నమ్మకం కుదిరిన తల్లి మరుసటి యేడు కూడా సంతకం చేస్తుంది. మన బడి నిలిచేది ఆ సంతకం మీదనే.