ప్లీడరు ఫీజు లేకపోతే?



మనవాళ్లెవరినో పోలీసులు అరెస్టు చేసి మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేదు. అప్పుడు "నాకు లాయరు లేడండీ, ఇప్పించండి" అని అక్కడే అడగవచ్చు. నిజానికి ఆ హక్కు ఉందని ముద్దాయికి చెప్పాల్సిన బాధ్యత మేజిస్ట్రేటుదే. ఆ మాట చెప్పకుండానే విచారణ ముగించారని 1986లో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు శిక్షనే రద్దు చేసింది. చదువు లేని మనిషి, తనకుందని తెలియని హక్కును ఎలా అడుగుతాడు?

ఈ హక్కుకు బాట వేసింది బీహారు జైళ్లలోని పేదల గోడు. నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం, విచారణే లేకుండా మగ్గిపోయారు వాళ్లు. ఎంత ఘోరం! పత్రికలో ఆ సంగతి చదివి న్యాయవాది పుష్పా కపిలా హింగోరాణి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఉచిత న్యాయ సహాయం రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని 1979లో జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం తేల్చింది.

1987 నాటి చట్టం ప్రకారం ఈ సహాయం పొందడానికి కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు. మిగతా చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. జైల్లో ఉన్నవారు జైలు అధికారుల ద్వారా పంపవచ్చు. న్యాయ సహాయం కోసం ఫోన్ నంబరు 15100. అలా వచ్చిన లాయరు ఫీజు అడిగితే ఇవ్వకండి. వెంటనే ఆ సంస్థకే ఫిర్యాదు చేయండి.