ప్రతి నోరూ పాడాలి

పట్టాలు అందుకుంటున్న మీకూ, ఫీజులు కట్టి, పొద్దున్నే లేపి సాధనకి కూర్చోబెట్టిన మీ అమ్మానాన్నలకూ అభినందనలు. మర్యాదలు ఇంతటితో చాలు. మీలో చాలామంది బళ్లలో సంగీతం టీచర్లుగా చేరబోతున్నారట. నా మాటలు ముఖ్యంగా వాళ్లకి. మిగతావాళ్లూ వినండి, రేపు మీ ఇళ్లలోనూ పిల్లలు తిరుగుతారు.

నేను ఒమన్ దేశంలోని మస్కట్‌లో, మన భారతీయుల బడిలో, చిన్న తరగతులకి ఏళ్ల తరబడి సంగీతం చెప్పాను. ఒకే క్లాసులో తెలుగు, మలయాళం, తమిళం, గుజరాతీ మాట్లాడే ఇళ్ల పిల్లలు. కీర్తన ఎత్తుకుంటే సగం మందికి మాట అందదు. అందుకని స్వరాలతోనే మొదలుపెట్టాను. మనం మాయామాళవగౌళలో చెప్పుకునే మొదటి సరళీవరసని శంకరాభరణంలో నేర్పాను. అందరికీ నోటికి వచ్చాక క్లాసుని రెండు జట్లు చేశాను. మొదటి జట్టు గాంధారం మీదికి రాగానే రెండో జట్టు షడ్జం అందుకోవాలి. ఒకే పాటని ఇలా వెనకా ముందుగా అందుకుని పాడటాన్నే పాశ్చాత్యులు రౌండ్ అంటారు.

ఆరోహణ అంతా రెండు గొంతులూ హాయిగా కలిసి నడుస్తాయి. పైషడ్జం దగ్గర మొదటి జట్టు వెనక్కి తిరిగేసరికి షడ్జం, నిషాదం ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. పిల్లలు ఉలిక్కిపడతారు. అవరోహణలో రెండడుగులు వేయగానే మళ్లీ కలుస్తాయి. చెవి మేలుకునేది ఆ ఉలికిపాటులోనే. దాన్ని తప్పించకండి. అది అలవాటయ్యాక మోహనంలో మూడు జట్లు చేయండి. మధ్యమ నిషాదాలు లేవు కాబట్టి ఎక్కడ అందుకున్నా పెద్దగా ఒరుసుకోవు.

ఆ తర్వాత ఫ్రెంచి పిల్లల పాట ‘ఫ్రేర్ జాక్’ని రౌండ్‌గా పాడించేదాన్ని. అది బాగా వచ్చాక, ఏమీ చెప్పకుండా, పాశ్చాత్య స్వరకర్త మాలర్ మొదటి సింఫనీలో మూడో భాగం వినిపించేదాన్ని. 1889లో బుడాపెస్ట్‌లో తొలిసారి వాయించిన ఆ సింఫనీలో ఇదే పాట దిగులు వరసలో, ఒంటరి డబుల్ బాస్ మీద మొదలై, ఒక్కో వాద్యం వచ్చి చేరుతూ రౌండ్‌గా సాగుతుంది. ‘మేడమ్, ఇది మన పాటే!’ అని క్లాసంతా లేచి నిలబడేది. శాస్త్రీయ సంగీతం పిల్లలకి ఎక్కదనేవాళ్లని ఆ క్లాసులో కూర్చోబెట్టాలి. పాడిన పిల్లకి వినడం వస్తుంది. పాశ్చాత్య వరసలు మనకి కొత్తేమీ కాదు. మన ముత్తుస్వామి దీక్షితులు కంపెనీ దొరల బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. అవీ శంకరాభరణ స్వరాలే. వాటిని మీ అల్మరాలో దాచకండి, రెండో తరగతికి పట్టుకెళ్లండి.

ఒమన్ నాకు రెండు సంగతులు నేర్పింది. ఒకటి, ఒంటెల మీద సాగిపోయేవాళ్లు పాడే తగ్రూద అనే పాట. ఒక గుంపు పాడిన పాదాన్ని రెండో గుంపు తిరిగి అందుకుంటుంది. 2012లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. అలా దారిలో పాడుకునేటప్పుడు శ్రోతలంటూ విడిగా ఎవరూ ఉండరు. రెండోది, 1985లో సుల్తాన్ ఖాబూస్ స్థాపించిన రాయల్ ఒమన్ సింఫనీ ఆర్కెస్ట్రా. ఆరితేరిన వాద్యకారుల్ని బయటినుంచి తెచ్చి కూర్చోబెట్టడం ఆయనకి కష్టం కాదు. ఆయన మాత్రం ఆ సంగీతంతో పరిచయం లేని ఒమనీ పిల్లల్నే ఎంపిక చేయించి, మొదటి పాఠం నుంచీ నేర్పించారు. 1987కల్లా వాళ్లు కచేరీ చేశారు. అంటే సంగీతం నేర్పితే వచ్చేదే.

ఇక నా బెంగ. వార్షికోత్సవం వస్తుంది. బృందగానం సాధన జరుగుతుంటే ఒక పాప శ్రుతి తప్పుతుంది. టీచరు దగ్గరికెళ్లి, ప్రేమగానే, ‘నువ్వు పాడకు తల్లీ, పెదవులు కదుపు చాలు’ అంటుంది. ఈ మాట మస్కట్‌లో విన్నాను, మన ఊళ్లలోనూ విన్నాను. పిల్లల తల్లులు నా దగ్గరికొచ్చి ‘నాకు పాట రాదండీ’ అనేవారు. ఎవరు చెప్పారమ్మా అంటే, మూడో తరగతి టీచరు! పసిబిడ్డకి జోలపాట పాడాలన్నా ఫోన్ వెతుక్కుంటారు. ఏడేళ్ల పిల్ల నోరు మూయిస్తే, పాట ఆ ఇంట్లోంచే వెళ్లిపోతుంది. ఇంత పాపం మూటగట్టుకోవడానికా మీరు ఇన్నేళ్లు సాధన చేసింది?

పుట్టుకతోనే స్వరభేదం తెలియనివాళ్లు నూటికి నలుగురికి మించరని పరిశోధకుల అంచనా. మిగతావాళ్లకి కావలసింది అందే శ్రుతి, సమయం. హార్మోనియం ముందు మీకు హాయిగా ఉండే శ్రుతిలో కూర్చుని పిల్లల గొంతుల్ని కిందికి లాగుతారు, ఆపైన వాళ్లకే రాదంటారు! నేను ఊరుకోను. వాళ్ల శ్రుతికి మీరే వెళ్లండి. తడబడే పిల్లని గట్టిగా పాడే పిల్ల పక్కన నిలబెట్టండి. రౌండ్‌లో ఒంటరిగా పాడే భయం ఉండదు. తిరుగుతున్న తాడులోకి దూకే పిల్లలా, తన వంతు ఎప్పుడా అని చెవి అప్పగించి చూస్తుంది. తన జట్టు నిలవాలంటే తనూ పాడాలని తెలుస్తుంది. పక్కజట్టు పాటకి కొట్టుకుపోకుండా, దాన్ని వింటూనే తన పాట నిలుపుకోవడం నేర్చుకుంటుంది. పెద్దయ్యాక కూడా అది ఎంతో అవసరమైన విద్య.

మీకు వారానికి ఒకటో రెండో పీరియడ్లు ఇస్తారు. పరీక్షలు దగ్గరపడగానే అవి లెక్కలకి పోతాయి. పోనివ్వకండి. వెళ్లి మర్యాదగా, గట్టిగా అడిగి తెచ్చుకోండి. రికార్డు చేసిన ట్రాక్ పెట్టి పిల్లల చేత చేతులు ఊపించకండి. పోటీకి ఇద్దరిని తయారుచేసి మిగతా క్లాసుని చప్పట్లకి వదిలేయకండి. మీ గదిలో ఉన్న ప్రతి నోరూ పాడాలి. ఏడాది చివర ఎన్ని కప్పులు గెలిచారని నేను అడగను, ఎంతమంది పాడుతున్నారని అడుగుతాను. ఆ జవాబు సిద్ధం చేసుకోండి.