కంప్యూటరునకు అన్నము పెట్టు పెట్టె
(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసము)



మన పూర్వులు తెలంగాణమును విడిచి, మగ్గమును నమ్ముకొని ఈ షోలాపురము చేరిరి. 1877లో ఇచ్చట మొదటి నూలుమిల్లు వెలసినది. పిమ్మట చేమగ్గము ప్రక్కకు మరమగ్గము వచ్చినది. నేడు మరమగ్గము ప్రక్కకు కంప్యూటరు వచ్చినది. చద్దరు అంచునకు, తువ్వాలు పువ్వునకు నమూనా దానిమీదనే గీయుచున్నారు. లెక్కలును, జి.ఎస్.టి. పత్రములును దానియందే యున్నవి. పిల్లల చదువును దానితోనే సాగుచున్నది. పెక్కు ఇండ్లలో అట్టిది ఒక్కటే యుండును. అది ఆగిన దినమున ఇంటిలో మూడు పనులు ఒక్కసారిగా ఆగును.

ఇది పరాయి విద్య యని మనము వెనుదీయ నక్కరలేదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున జకార్డు అను నాతడు, రంధ్రములు గల అట్టల సాయముతో పట్టుబట్టపై చిత్రములు నేయు సాధనమును వెలయించెను. ఆ అట్టల పద్ధతినే ఇంగ్లాండు దేశపు చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు గ్రహించెను. కావున కంప్యూటరు మన మగ్గమునకు చుట్టమే. మగ్గపు దోషమును మనము వెదకు తీరుననే దీని దోషమును కూడ వెదకవచ్చును.

బట్టలో లోపము కనబడినచో మనమేమి చేయుదుము? పడుగున పోగు తెగినదా యని చూతుము. పిదప అచ్చును, నాడెను, కడపట మోటారును చూతుము. అంతియేకాని మగ్గమును విప్పి పాతయినుమునకు అమ్ముకొనము. కంప్యూటరు ఆగినపుడు మాత్రము, "ఇది పాతబడినది, క్రొత్తది కొనుడు" అను మాటకు లొంగి అప్పునకు పోవుచున్నాము. నేడు నేను చెప్పదలచినది ఒక్కటే. క్రొత్తది కొనుటకు ముందు, దానికి విద్యుత్తు నందించు పెట్టెను పరీక్షింపుడు. బాగుచేయుటకు కూడబెట్టిన సొమ్ములో ఆ పెట్టె వంతును ముందుగా తీసి యుంచుడు.

బజారున దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును ఇది 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగములకు పంచిపెట్టును. ఇంటిలో వండి వడ్డించు తల్లి వంటిది. ఆమె నలతపడినచో ఇంటిల్లిపాది పస్తుండవలసినదే.

ఇది చెడుచున్నపుడు కొన్ని గుర్తులు కనబడును. మీట నొక్కినను చలనముండదు. లేదా పంకా ఒక్క చుట్టు తిరిగి నిలిచిపోవును. బరువైన పని పెట్టగానే కంప్యూటరు తనంతట తానే ఆగి మరల మొదలగును. కాలిన వాసన వచ్చును. అయితే ర్యామ్ కదలినను, లోపల వేడి హెచ్చినను వీనిలో కొన్ని కలుగవచ్చును. అందుచే వరుసగా చూడవలెను.

మొదట బయటి తీగను చూడుడు. అదే ప్లగ్గునకు బల్లదీపమును తగిలించి వెలుగునేమో పరీక్షింపుడు. పెట్టె వెనుకనున్న చిన్న మీట ఆపి యున్నదేమో చూడుడు. యు.పి.ఎస్. బ్యాటరీ వయసు మీరి యుండవచ్చును. దానిని తప్పించి నేరుగా కలిపి చూడుడు. మగ్గపు మోటారు తీగమీదనే కంప్యూటరును నడపుచున్నచో, మోటారు మొదలైన క్షణమున వోల్టేజి దిగజారును. దోషము మీ ఇంటి తీగలోనే యుండి, నింద కంప్యూటరుమీద పడుచుండవచ్చును.

రెండవది దుమ్ము. మన వాడలలో గాలియందే దూది నూగు తేలుచుండును. అది పెట్టె పంకాకు చుట్టుకొని గాలి నాపును. లోపలి కెపాసిటర్ల ఆయువు, వేడి 10 డిగ్రీలు పెరిగిన కొలది, రమారమి సగమునకు తగ్గును. షోలాపురపు ఎండ 40 డిగ్రీలు దాటు వేసవిలో ఏమగునో మీరే ఊహింపుడు. ప్లగ్గు తీసివేసి, వెలుపలినుండియే బ్లోయరుతో ఊదింపుడు.

ఇచ్చట ఒక గట్టి హెచ్చరిక. ఆ పెట్టె మూతను మాత్రము ఎన్నడును విప్పకుడు. దాని లోపల రమారమి 325 వోల్టులు నిలువయుండును. ప్లగ్గు తీసిన పిదప కూడ అది కొంతసేపు అట్లే యుండవచ్చును. ప్రాణముకంటె పెట్టె విలువైనది కాదు.

మూడవది మీటరు. మదర్‌బోర్డునకు పోవు 24 పిన్నుల ప్లగ్గును ఊడదీసి, అందలి ఆకుపచ్చ తీగ పిన్నును, ఏదేనొక నల్ల తీగ పిన్నును చిన్న తీగతో కలిపినచో, పెట్టె పంకా సాధారణముగా తిరుగవలెను. పంకా తిరిగినంత మాత్రమున పెట్టె ఆరోగ్యముగా నున్నదని తీర్పు చెప్పరాదు; వట్టి చేతులతో నడచువాడు బరువెత్తగలడని చెప్పలేము గదా. ప్లగ్గును మరల బిగించి, కంప్యూటరు పని చేయుచుండగా కొలువవలెను. పసుపు తీగపై 11.4 మొదలు 12.6 వరకు, ఎరుపుపై 4.75 మొదలు 5.25 వరకు, నారింజపై 3.14 మొదలు 3.47 వరకు వోల్టులుండుట న్యాయము. ఆ హద్దులు దాటినచో పెట్టె మార్చవలసినదే. తీగలన్నియు నల్లనివే యున్నచో ఊహమీద చేయి పెట్టక, తెలిసినవారికి అప్పగింపుడు. అన్నింటికంటె నమ్మకమైన పరీక్ష మరియొకటి కలదు. మంచి పెట్టెనొకదానిని గంటసేపు ఎరువు తెచ్చి తగిలించి చూచుటయే అది.

ఇక సొమ్ము సంగతి. నమూనాలు గీయు సామాన్యపు కంప్యూటరును తీసికొందము. ప్రాసెసరుకు 65 వాట్లు, బోర్డు, ర్యామ్, పంకాలకు 50, హార్డ్ డిస్కు మొదలగునపుడు 25 అనుకొన్నను మొత్తము 140 దాటదు. వేరుగా తీగ అక్కరలేని గ్రాఫిక్సు కార్డు పెట్టినను మరి 75 చేరును, అది 215. కావున నిజమైన 400 లేక 450 వాట్ల పెట్టె చాలును. "నిజమైన" అను మాట గుర్తుంచుకొనుడు. చీటీపై పెద్ద అక్షరములను గాక, 12 వోల్టుల వరుసలోని ఆంపియర్లను చూచి 12తో హెచ్చవేయుడు. 30 ఆంపియర్లున్నచో 360 వాట్లు. పైన 450 అని వ్రాసి, లోపల 14 ఆంపియర్లే యున్నచో 168 మాత్రమే. తూకమున మోసము కనిపెట్టు మనము ఈ మోసమును కూడ కనిపెట్టవలెను. చౌకపెట్టె చెడునపుడు ఒంటరిగా పోక, బోర్డును, డిస్కును, అందున్న సంవత్సరముల నమూనాలను వెంట తీసికొనిపోవచ్చును.

తయారుగా వచ్చు కొన్ని కంప్యూటర్లకు పెట్టె ఆకారమును, ప్లగ్గును వేరుగా నుండును. పాతదానిని చేతబట్టుకొనియే అంగడికి పొండు.

ఖర్చు వరుస ఇది. మొదట నమూనాలకు వేరొక డిస్కుపై నకలు. పిదప మంచి పెట్టె. పిదప ఎర్తింగు, యు.పి.ఎస్.; పిదప ఎస్.ఎస్.డి.; పిదప ర్యామ్. గ్రాఫిక్సు కార్డు కట్టకడపటిది. విండోస్ 10నకు సాధారణ సహాయము 14 అక్టోబరు 2025తో ముగిసినది. విండోస్ 11 అంగీకరింపని పాత ప్రాసెసరుమీద పెద్ద సొమ్ము పోయకుడు. మంచి పెట్టెయు, ఎస్.ఎస్.డి.యు రేపటి క్రొత్త కంప్యూటరునకు కూడ పనికివచ్చును. వానిమీది ఖర్చు వ్యర్థము కాదు.

తుదకు ఒక మనవి. ప్రతి ఇంటను మీటరుండ నక్కరలేదు. ఒక మల్టీమీటరును, పరీక్షకు ఒక మంచి పెట్టెను సంఘము కొని యుంచినచో, విద్య తెలిసిన మన పడుచువారు వాడవాడకు పోయి చూచి చెప్పగలరు. ఒక్క కుటుంబమునకు అనవసరపు అప్పు తప్పినను ఆ సొమ్ము తిరిగి వచ్చినట్లే. పెద్దలు దీనిని ఆలోచింప ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.